వైకీకీ అల మీద నా ముందుకాలు

అక్కా,
ఇందుమూలంగా హీలో ఊళ్లోని బంధువులందరికీ తెలియజేయడమేమనగా, నీ తమ్ముడి కాలివేళ్లు పదీ క్షేమం. నేను మునిగిపోయానని ఎవరో కూశారట, నమ్మకు.

నేను పాఠం చెబుతుంటే, మా సర్ఫింగ్ బడి నడిపే కపేకా పెద్దమ్మ ఒడ్డున కూర్చుని చూస్తోంది. "కాళ్లు సర్ఫింగ్ పలకకి అడ్డంగా పెట్టి మోకాళ్లు వంచండి. ముందుకాలి మీద బరువెక్కువైతే మొన మునుగుతుంది" అని శిష్యులకు చెప్పి, అల ఎక్కి చూపించాను. మొన మునిగింది. వెంట నేనూ మునిగాను.

"నిలబడటం రానివాడివి ఏం నేర్పుతావురా? రేపట్నించి రాకు" అంది పెద్దమ్మ.

"పోయిన మా తాతయ్య తాబేలు రూపంలో అడ్డొచ్చాడు పెద్దమ్మా. ఆయన్ని గుద్దమంటావా?"

ఆమె సముద్రం వైపు తిరిగి తల వంచింది. "ముందే చెప్పకూడదట్రా? రేపు పెందలాడే రా" అంది.

నీకు ఫోన్ చేసి అడుగుతుంది. మన ఇంటిని కాచే పెద్దలు తాబేళ్లేనని గట్టిగా చెప్పు. నువ్వు దంచిన చామదుంప ముద్ద పంపు, ఇక్కడిది నీళ్లలా ఉంటోంది. బావ నడుంనొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

నీ పిలిపో

మనలో మాట, అక్కడ తాబేలూ లేదు, తాతయ్యా లేడు. శిష్యురాళ్లకు చెయ్యి ఊపుతూ ముందుకాలు మూరెడు ముందుకు వేశాను.