టీవీ మీది వంకర లేసు

మచాకోస్,
ఆగస్టు రెండవ ఆదివారం,
చర్చి నుంచి వచ్చిన తరువాత.

కుమార్తె చిరంజీవి ముంబువాకు,

నీ తండ్రి ఇసాయా కిలోంజో మనసారా దీవించి వ్రాయునది. ఇక్కడ మేము ముగ్గురమూ ప్రాణాలతో ఉన్నాము. ఈ మాట కేవలం మర్యాద కోసం వ్రాయలేదు. ఎందుకు వ్రాయవలసి వచ్చిందో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందుగా నా భాష పేదరికాన్ని మన్నించమని కోరుతున్నాను. నలభై దాటిన తరువాత రాత్రి బడిలో కూర్చుని నేర్చిన రాత ఇది. వాక్యాన్ని ధైర్యంగానే మొదలుపెడతాను గాని, ముగింపు చేరేలోగా దారి తప్పుతూ ఉంటాను. అయినప్పటికీ లేఖారచనలో మా తరగతికి నేనే మొదటివాడినన్న సంగతి నీకు తెలియనిది కాదు. ఫోను చేయవచ్చు కదా అని నీవు అడగవచ్చు. ఫోనులో నా గొంతు నా అదుపులో ఉండదు. అందుచేత ఈ ఉత్తరం వ్రాసి, నైరోబీ వ్యాను కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఇంటి సంగతులు. పెరట్లో మొక్కజొన్న ఎండబెట్టడం పూర్తయింది. నీ తమ్ముడు క్యాలో మెకానిక్ షెడ్డులో కుదురుకున్నాడు. అతని చొక్కాల మీది నూనె మరకలు మాత్రం ఏ సబ్బుకూ లొంగడం లేదు. పాఠశాల స్టోర్సులో నా పని ఎప్పటి మాదిరిగానే సాగుతున్నది. మీ అమ్మ ఒంట్లో బాగానే ఉంది. ఆమె ఫోను పాడైందని పోయిన వారం నీతో చెప్పాను. అది అబద్ధం. ఫోను చక్కగా మోగుతున్నది. నీ పేరు కనబడగానే ఆమె దానిని బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతున్నది.

కారణం నీ వీడియో అని నీవు ఊహించే ఉంటావు. ఇళ్ళకు అలంకరణ చేసిపెట్టడం నీ వృత్తి. ఏది బాగుంటుందో, ఏది బాగుండదో నలుగురికీ చెప్పడం అందులో భాగమని నేను ఒప్పుకుంటాను. కాని ‘ఇళ్ళలో నాకు ఒళ్ళు మండించే అలంకరణలు’ అని పేరు పెట్టి, ఈస్టరు పండుగకు వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసుకున్న మన ముందు గదినే లోకానికి చూపించావు.

దానిని నాకు మొదట చూపినవాడు టీ కొట్టు షడ్రాక్. రావయ్యా ఇసాయా, మీ ఇల్లు సినిమాలోకెక్కింది, ఇవాళ టీ నా లెక్కలో తాగు అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగారు. సోఫాకి లంగా, దాని చేతులకి రుమాళ్ళు, బల్లకి దుప్పటి, రేడియోకి టోపీ, ఈ ఇంట్లో బట్టల్లేకుండా తిరిగేది పిల్లి ఒక్కటే అని నీవు అంటున్నావు. పటాలన్నీ పైకప్పు కిందే వేలాడదీశారు, బల్లులు చదువుకోవడానికా అని అంటున్నావు. ఆ పటాలలో నా రాత్రి బడి పట్టా కూడా ఉన్నది. చివరకు టీవీ మీది చిన్న లేసుగుడ్డను దగ్గరగా చూపించి, ఇది గుండ్రమూ కాదు పలకా కాదు, మా తమ్ముడు చేసే చపాతీ అన్నావు. కొట్టు కొట్టంతా నవ్వింది. ఆనాటి నుంచి నేను టీకి వెళ్ళినప్పుడల్లా షడ్రాక్, మీ బల్లులు ఏ తరగతి దాకా వచ్చాయి అని కుశలం అడుగుతున్నాడు.

ఆ సాయంత్రం మీ అమ్మ, నేను పక్కపక్కనే కూర్చుని అదే వీడియో చూశాము. ఆమెకు అప్పటికే మహిళా సంఘం వాళ్ళు పంపారు. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. మీ అమ్మ నవ్వలేదు.

మరునాడు నేను పనికి వెళ్ళిన తరువాత ఆమె ముందు గదిలోని లేసుగుడ్డలన్నీ తీసివేసింది. సోఫా వీపువి, చేతులవి, బల్లవి, రేడియోది, టీవీది, ఒక్కటీ మిగల్చలేదు. పటాలు దించింది. సోఫాలను గోడకు నెట్టి నేల కడగడం మొదలుపెట్టింది. అప్పుడే పక్కింటి ముస్యోకా వాళ్ళమ్మ వీధి తలుపు తోసుకుని లోపలికి తొంగి చూసిందట. మన వీధిలో సోఫాలు గోడకు నెట్టి, గుడ్డలు తీసి, పటాలు దించారంటే దానికి ఒకటే అర్థం. పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం బెంచీలు వేయడానికి చోటు చేస్తున్నారన్నమాట. నీవు నైరోబీలో ఉండి మరచిపోయావేమో గాని ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. ముస్యోకా వాళ్ళమ్మ చేతిలోని బుట్ట కింద పడేసి గుమ్మంలోనే గొల్లుమన్నది. మీ అమ్మ కళ్ళు ఎలాగూ ఎర్రగానే ఉన్నాయి. ఆమె నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడమే కొంప ముంచింది.

మధ్యాహ్నానికల్లా ఒకరు చక్కెర, ఒకరు టీ పొడి, ఒకరు కట్టెల మోపు తెచ్చారు. షడ్రాక్ తన కొట్టులోని పొడవాటి బెంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మీ అమ్మ కమేనే కళ్ళెదుటే ఉంది, క్యాలో షెడ్డులో కనబడ్డాడు, కాబట్టి పోయినవాడు ఇసాయాయే అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. నేను పాఠశాల నుంచి వచ్చేసరికి నా గుమ్మం ముందు నా కోసం కీర్తన పాడుతున్నారు. నన్ను చూడగానే సగంమంది కేక పెట్టారు, మిగతా సగంమంది కీర్తన ఆపలేక పాడుతూనే ఉన్నారు. ముస్యోకా వాళ్ళమ్మ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని, నువ్వా అన్నా, ఇప్పటిదాకా నీ గురించి ఎన్ని మంచి మాటలు చెప్పానో తెలుసా, అవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలా అని నిలదీసింది. చక్కెర మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ చక్కెరతో ఆనాడు వాళ్ళందరికీ టీ పెట్టి పంపాము.

ఇంతవరకు నవ్వుకోదగినదే. ఇక నవ్వుకోలేని సంగతి చెబుతాను.

ఈ నెల చివరి శనివారం మహిళా సంఘం మన ఇంటికి రావలసిన వంతు. మన ఇంటి వంతు ఎన్నాళ్ళకోసారి వస్తుందో నీకు తెలుసు. పళ్ళేలు, బేసిన్లు పట్టుకుని పాడుకుంటూ వచ్చి, ముందు గదిలో కూర్చుని, మొక్కజొన్న, చిక్కుళ్ళు కలిపి వండిన ముథొకోయి తిని, దీవించి వెళతారు. మీ అమ్మ సంఘం మానేశానని కబురు పంపింది. ముస్యోకా వాళ్ళమ్మ అధ్యక్షురాలు గనుక ఊరుకోలేక పరుగున వచ్చింది. పిల్ల ఏదో వాగితే ఇన్నేళ్ళ సంఘం వదిలేస్తావా వదినా అని మంచిగానే మొదలుపెట్టింది. మీ అమ్మ వినిపించుకోకుండా కట్టెలు సర్దుకుంటూ ఉంది. దానితో ముస్యోకా వాళ్ళమ్మకు కోపం వచ్చింది. నాకు తెలుసులే, ఈ వంకతో నీ లేసుల్లోని ఆ పువ్వు అల్లిక మాకు నేర్పకుండా తప్పించుకుందామని, ఎన్నేళ్ళు బతిమాలాం నిన్ను, పోయేటప్పుడు మూటగట్టి నెత్తిన పెట్టుకుపోతావా ఏం అన్నది. మీ అమ్మ తలుపు వేసుకున్నది. అప్పటి నుంచి ఆమె కొళాయి దగ్గరకు కూడా వీధి నిద్ర లేవకముందే వెళ్ళి వస్తున్నది.

ముంబువా, నేను నిన్ను మందలించడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. నీ వీడియోలో ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. పాత టీవీ వీపు వెడల్పుగా ఉండేది. లేసు దాని మీద దర్జాగా కూర్చునేది. కొత్తది పలకలాగా పలచన. లేసు ముందుకు జారి వార్తలు చదివే ఆయన నుదుటి మీద పడుతున్నది. ప్లాస్టిక్ పూలను సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టడం నాకూ ఏనాడూ సహజంగా తోచలేదు. అద్దాల బీరువాలోని కప్పులలో ఎవరైనా టీ తాగగా చూడాలని నాకూ కోరికే.

పటాల విషయంలో మాత్రం నీతో ఏకీభవించలేను. మన గది చిన్నది. పండుగనాడు మనుషులు గోడలకు ఆనుకుని నిలబడతారు. పటం తల ఎత్తులో ఉంటే దానికి నూనె జిడ్డు అంటుతుంది, లేదా అది పగులుతుంది. పైన కట్టి కొంచెం ముందుకు వంచితే సోఫాలో కూర్చున్న అతిథి లేవకుండానే చదువుకోగలడు. బల్లుల సంగతి నేను విచారించలేదు.

లేసుల విషయం కూడా అటువంటిదే. ఎవరో వస్తున్నారంటే మీ అమ్మ పాతవి తీసి, గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి పరుస్తుంది. వచ్చినవాళ్ళు వెనక్కి వాలగానే అవి జారిపోతాయి. లేచి వెళ్ళేటప్పుడు వాళ్ళే వెనక్కి తిరిగి సర్దుతారు. మాట్లాడుకోకుండానే ఇంటివాళ్ళు, నువ్వు వస్తావని ఎదురుచూశాం అంటారు. అతిథి, నేను గమనించాను అంటాడు. నీవు అలంకరించే ఇళ్ళలో ఈ సంభాషణ ఏ వస్తువు ద్వారా జరుగుతుందో నాకు తెలియదు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నీవు వచ్చినప్పుడు చెబితే శ్రద్ధగా వింటాను.

ఇంకొక సందేహం. నీవు ఇప్పుడు ప్రతి ఇంటికీ బూడిద రంగు వేయిస్తున్నావని క్యాలో చూపించాడు. గోడ బూడిద, సోఫా బూడిద, తివాచీ బూడిద. అది సిమెంటు రంగు కాదా తల్లీ? ఈ ఇల్లు కట్టిన తరువాత చాలా ఏళ్ళు మనం ఆ రంగు గోడల మధ్యనే ఉన్నాము. మొదటిసారి పసుపు రంగు డబ్బా కొని తెచ్చిన రోజు మీ అమ్మ గోడ ముందు నిలబడి చేతులు చాపి తిరిగింది. రంగు కొని, ఆ రంగుతోనే గోడను మళ్ళీ సిమెంటులా చేసుకునేవాళ్ళ సుఖం ఎటువంటిదో నేను ఇంకా అర్థం చేసుకోవలసి ఉన్నది. బహుశా వాళ్ళు సిమెంటు గోడల మధ్య పెరిగి ఉండరు.

నా కోరిక ఒక్కటే. ఆ శనివారానికి ముందు రోజు నీవు ఇంటికి రావాలి. వీడియో తీసివేయనక్కరలేదు. కొత్త దిండ్లు తేనక్కరలేదు. అమ్మా, నీ చేతిపని చాలా బాగుంటుంది, కాలం మారింది అంతే అని నీవు పంపిన సందేశాన్ని మాత్రం మళ్ళీ పంపవద్దు. నీ వీడియో కంటే ఆ సందేశమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకో ఈ పేజీలో వ్రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

నీ క్షేమం కోరే తండ్రి,
ఇసాయా కిలోంజో
(మాధ్యమిక పట్టభద్రుడు, రాత్రి తరగతులు)

తాజా కలం: మొదటిసారి కవరు అంటించి మళ్ళీ చింపాను. మిగిలినది ఇది.

ఆ లేసులలో మీ అమ్మ వేసిన ముడి ఒక్కటీ లేదు. అవన్నీ నేను అల్లినవి.

నీవు నెలలు నిండకుండా పుట్టావు. అప్పుడు నేను మిషన్ ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాణ్ణి. మీ అమ్మను లోపలికి తీసుకుపోయిన తరువాత నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. రేకుల మీద వాన దంచి కొడుతున్నది. ఏమీ తోచక నేను గోడ సున్నం గోళ్ళతో గీకుతూ కూర్చున్నాను. పక్కన కితుయి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ఆసుపత్రి కూలగొడతావా నాయనా, ఆ చేతులకి ఏదైనా పని చెప్పు అని కసిరి, తన క్రోషియా సూది, దారం నా చేతిలో పెట్టి, మొదటి గొలుసు ముడి చూపించింది. తెల్లవారినా నేను అల్లుతూనే ఉన్నాను. టీవీ మీది లేసు అదే. ఒక పక్క చక్కగా తిరుగుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి వంకరపోతుంది, చూశావు కదా. అక్కడే నర్సు వచ్చి ఆడపిల్ల, బతికింది అని చెప్పింది. ఆ తరువాత ముడులు ఎలా వేశానో నాకు తెలియదు. వాన కురుస్తుండగా పుట్టావని నీకు ముంబువా అని పేరు పెట్టుకున్నాము.

ఆ తరువాత గేటు గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి అల్లాను. దారం అన్నం డబ్బాలో దాచేవాణ్ణి. లేసులు అల్లే కాపలావాణ్ణి ఎవరైనా కాపలావాడు అంటారా? నేనల్లినవని చెప్పుకుంటాలే, నీకు ఇబ్బంది ఉండదు అన్నది మీ అమ్మ. నాకోసం మెప్పు మోసింది. తనకే రాని అల్లికను నేర్పలేక పిసినారి అన్న మాట కూడా మోసింది.

వీడియో చూసి నేను గట్టిగా నవ్వాను అన్నాను కదా. అప్పుడు మీ అమ్మ ఫోను వైపు చూడలేదు. నా ముఖం చూసింది. పిల్లకి తెలీదు, నవ్వింది. నీకు తెలుసు కదా, నువ్వెలా నవ్వావు, నీ చేతుల్ని చూసి నువ్వే నవ్వుకోడానికా నేనిన్నాళ్ళు అబద్ధమాడాను అన్నది. మరునాడు అన్నీ గోనెసంచిలో కుక్కి మంచం కింద నా వైపుకి తోసింది. ఆమె కోపం నీ మీద కాదు. నీతో మాట్లాడితే నిజం నోరు జారుతుందని, నాకిచ్చిన మాట కోసం నీ ఫోను తీయడం లేదు.

ఈ ఉత్తరం పంపే ముందు మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. విని, లేచి మంచం దగ్గరకు వెళ్ళింది. కాసేపటికి సంచి ముందు గదిలోకి వచ్చింది. అందులోవి ఆమె పరవలేదు. అది నా పని అని అర్థమైంది.

కనుక నీవు చదివిన తరువాత దీనిని భద్రంగా వెంట తెచ్చి ముందు క్యాలోకు ఇవ్వు; నూనె చేతులు కడుక్కుని చదవమను. ఆ తరువాత ముస్యోకా వాళ్ళమ్మకు ఇవ్వు. కూర్చోబెట్టి ఇవ్వు. ఆమె చదివితే సంఘమంతా చదివినట్టే గనుక మిగతావాళ్ళకు వేరే ప్రతి అవసరం లేదు. శనివారం అందరినీ పళ్ళేలు, బేసిన్లతో పాటు సూది, దారం కూడా తెచ్చుకోమని చెప్పు. చివరగా షడ్రాక్‌కు ఇవ్వు. బల్లుల చదువు పూర్తయిందని, ఇక అతను నేర్చుకోవాలనుకుంటే ముందు గది కిటికీ తెరిచే ఉంటుందని, లోపల నేను కూర్చుని అల్లుతుంటానని నా మాటగా చెప్పు.