ఒర్రె మీద విమానం తలుపు

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం నివాసిని, కీర్తిశేషులు మల్లప్ప భార్యను, పాత ఇనుప సామాను వ్యాపారిని అయిన ప్రమీలమ్మ అనే నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా వ్రాయిస్తున్న వీలునామా. ఒత్తిడి లేదని వ్రాయమన్నారు. ఎందుకు లేదు? నా కొడుకు నర్సింహ రోజూ పెడుతున్నాడు. నా బుర్ర బాగుందని చేవెళ్ల దవాఖానలో ఇచ్చిన కాగితం జతపరిచాను.

ఆస్తి: మిలిటరీవాళ్లు పక్కనపెట్టిన సామాన్ల విమానం తాలూకు విడిభాగాలు. వేలంలో కొన్నాను, నా స్వార్జితం. విమానాన్ని మా ఊరి శివారు రిసార్టువాళ్లు కొని హోటల్ చేశారు. వెనక తలుపు విడిభాగాల కుప్పలో ఉందని వాళ్లు చూసుకోలేదు. అది నాకొచ్చింది. వాళ్ల విమానం ఇప్పటికీ వెనక ప్లైవుడ్ కొట్టుకుని నిలబడింది.

1. షెడ్డు, కాటా, ట్రాలీ ఆటో, మిగతా విడిభాగాలు మనవరాలు వర్షితకు. గిరాకీతో గట్టిగా మాట్లాడేది మా ఇంట్లో నా తర్వాత అదొక్కతే. విమానం ముందు తిరిగే పంకా రెక్కను మాత్రం అమ్మరాదు. దసరాకు దానికి పసుపు రాసి గుమ్మడికాయ కొట్టాలి.

2. పైలట్ సీటు నర్సింహకు. ఆ రిసార్టులోనే సూపర్‌వైజర్‌గా రోజంతా నిలబడి నడుము పోగొట్టుకున్నాడు. వాళ్లు కుర్చీ ఇయ్యలేదు, తల్లి ఇస్తున్నది. కూర్చో బిడ్డా. కానీ మీ రిసార్టువాళ్లు తలుపు తిరిగి అడిగితే "రేకుముక్కే గదనే అవ్వా, ఇచ్చేస్తే నీదేం పోతది" అన్నావు చూడు, ఆ కోపం మాత్రం నాతోనే వస్తుంది.

3. ఇక తలుపు సంగతి. రిసార్టువాళ్లు గోడ కట్టి శ్మశానం బాట మూశారు. ఊరి పక్క వాగు, ఆ ఒర్రె, దాటి పోవలసి వచ్చింది. మల్లప్ప పోయిన రోజు ఒర్రె పొంగింది. పాడె మోసినవాళ్లు నడుములోతు నీళ్లలో దిగారు. దింపుడు కళ్ళానికి పాడె దించి చెవిలో మూడుసార్లు పిలవడానికి పొడినేల లేదు. నా పెనిమిటిని పిలవకుండానే తీసుకుపోయారు. పిలిస్తే లేస్తాడని కాదు. పిలవాలి. నాకది ఇప్పటికీ గుండెల్లో మండుతుంది.

ఆ నెలలోనే మా ఊరి శంకరయ్య తన ట్రాక్టరుతో తలుపును లాగి ఒర్రెకు అడ్డంగా వంతెనలా వేశాడు. అప్పటినుంచి ఊళ్లో ఎవరు పోయినా పాడె దించేది దాని మీదే. కనుక ఆ తలుపు ఊరందరిది. అమ్మరాదు, కిరాయికివ్వరాదు. సర్కారు పక్కనే వంతెన కట్టినా తీయరాదు. రిసార్టువాళ్లు బంగారు తలుపు తెచ్చినా సరే, పొమ్మనాలి. నర్సింహ దాని మీద చెయ్యి వేస్తే ఆ పైలట్ సీటు శంకరయ్యకు పోతుంది.

4. ఇవన్నీ జరిపించే బాధ్యత శంకరయ్యది. సాక్షులకు ఏమీ రాసివ్వకూడదట, చాయ్ పోశాను.

5. నన్ను ఆ తలుపు మీదనే దించాలి. పిలవవలసింది నర్సింహే. నా పేరు పిలవొద్దు. చెవి దగ్గర వంగి, "అవ్వా, తలుపు అమ్మేసినం" అని మూడుసార్లు అనాలి. అప్పటికీ నేను లేవకపోతే, నిజంగా పోయినట్టే. ఇక ఎత్తుకోండి.

తేదీ: 14 నవంబర్ 2025, చిన్న మంగళారం

ప్రమీలమ్మ (వేలిముద్ర కాదు, సంతకమే)

సాక్షులు:
సాంబశివరావు, పక్క విల్లా. ఆమె చెప్పింది చెప్పినట్టు వ్రాసినవాడిని
శాంతమ్మ, పాలకేంద్రం