ముఖానికి ఇరవై ఒక్క రోజులు

14 నవంబర్ 1988, సోమవారం. కామారెడ్డి.

పొద్దుగాల 4.50. ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చింది. పది నెలలు ఖాళీగ పడి ఉంది. ఇయ్యాల్టి నుంచి దీనికి పని పెడుతున్న.

సంగతి ఇది. వచ్చే నెల 4న, ఆదివారం, లింగంపేటల పెండ్లిచూపులు. పిల్ల పేరు గంగామణి. నాకిది మూడో సంబంధం. మొదటిది జాతకం కుదరక పోయింది. రెండోది మాచారెడ్డి వాళ్లది. వాళ్లు చెప్పి పంపిన మాట: "పిలగాడు మంచోడే. ముఖం చూస్తేనే బొగ్గుల లారీ దిగి వచ్చినట్టుంది."

నేను కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సుకు కండక్టర్‌ను. ఎనిమిదేండ్ల దుమ్ము, డీజిల్ పొగ. ముక్కు పక్కల గోరుతోని గీకితే నల్లగ వస్తది.

అవ్వ చెప్పేసింది. "హన్మంతూ, ఇది గూడ పోతే ఇగ నేను తిరుగ. నా మోకాళ్లు పోయినయి. నీ పెండ్లి నువ్వే చేసుకో."

నాకు ఇరవై తొమ్మిది. చేతిల ఇరవై ఒక్క రోజులు. క్రీములు కొనేది లేదు. వంటింట్ల ఉన్నయే చాలు.

శనగపిండి, రెండు చెంచాలు
పెరుగు, ఒక చెంచా
పసుపు, చిటికెడు

రోజూ 5.00కు. గుండ్రంగ రుద్దాలె. ఆరినంక నీళ్లు చల్లి నలిచి తీయాలె.

5.25. చేసిన. తువ్వాలకు అంటిన మురికి చూసి నాకే సిగ్గయింది. చెంపలు నున్నగ ఉన్నయి. ఇది తప్పక అయితది.

15, మంగళవారం

5.00. రెండో రోజు. కరెంటు లేదు. దీపం వెలుగుల పసుపు ఎంత పడ్డదో తెలువలే.

6.10 ట్రిప్పు. తాడ్వాయిల ఎక్కిన ముసలామె నన్ను చూసి, "లగ్గం ఎప్పుడైంది బిడ్డా?" అన్నది. డ్రైవర్ సత్తార్ భాయ్ వెనకకు తిరిగి మరీ అడిగిండు. "ఏం మియా, దుల్హన్ ఏది? వెనక సీట్ల కూసోబెట్టినవా?"

పసుపు బంద్.

17, గురువారం

వదిన భూమక్కకు దొరికిపోయిన. పెరుగు గిన్నె నా చేతిలనే ఉంది.

"మూడు రోజుల సంది పిల్లి వస్తుందనుకుంటున్న. పిల్లి నువ్వేనా?"

అన్నకు రాత్రి అన్నంలకు పెరుగు లేదట. సరే, పెరుగు గూడ బంద్. కొత్త పద్ధతి: బియ్యం నానబెట్టి బరకగ నూరి, అదే రుద్దుడు. బరక ఉంటేనే చచ్చిన తోలు ఊడుతది. మెత్తటి పిండి ఎంత రుద్దినా లాభం లేదు.

సత్తార్ భాయ్ ఇయ్యాల "తెల్లగైనవ్" అన్నడు. మనసుకు మంచిగనిపించింది. "నిజంగనా?" అన్న. "నిజంగనే. చెవి దగ్గర పిండి కడుక్కోలే" అన్నడు.

20, ఆదివారం

వారం నిండింది. సెలవు. అద్దం ముందు అర్ధ గంట. ఎడమ చెంప దారికొచ్చింది. కుడి చెంప ఇంకా మొండిగనే ఉంది.

పెద్ద చక్కెర పలుకులు, తేనె. రెండు కలిపి రుద్దితే రాయితోని రుద్దినట్టే ఉంటది. వదిన చూడలే.

21, సోమవారం

తేనె సరిగ పోలే. మెడ దాక కారి ఆరిపోయింది. లింగంపేట దాక ఈగలు నాతోనే వచ్చినయి, టికెట్ లేకుంట. సత్తార్ భాయ్, "చిన్నవి గదా, హాఫ్ టికెట్ కొట్టు" అన్నడు. బస్సంత నవ్వింది. నాకు నవ్వు రాలే.

22, మంగళవారం

చలి. తొట్టిల నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నయి. 5.00కు లేవలే. సాయంత్రం చేస్త.

సాయంత్రం. ఎల్లారెడ్డిల టైరు పంచరైంది. ఇల్లు చేరేసరికి ఒళ్లు నొప్పులు. ఇది సాకు కాదు, నిజంగనే పంచరైంది.

24, గురువారం

డబుల్ డ్యూటీ. చేయలే. రోజూ రుద్దితే తోలు పలుచనయితది, మధ్యమధ్య ముఖానికి గూడ సెలవు ఉండాలె. ఇది ఎవలు చెప్పలే. నేనే అనుకున్న.

27, ఆదివారం

ఇయ్యాల గట్టిగ మొదలుపెడదామని శనగపిండి డబ్బా తీసిన. అడుగుల కొంచెమే ఉంది. వదిన పొయ్యి మీద మూకుడు పెట్టి కూసుంది. పక్కకు మిరపకాయలు చీరి పెట్టుకున్నది.

"చెప్పు మరిదీ. ముఖానికా, మిర్చికా? ఒక్కదానికే సరిపోతది."

మిర్చికే అన్న. ఎనిమిది తిన్న.

28, సోమవారం

ముక్కు మీద మొటిమ. బఠాణీ గింజంత.

30, బుధవారం

రాసేటందుకు ఏం లేదు. అద్దం చూడలే.

1 డిసెంబర్, గురువారం

మూడు రోజులే ఉన్నయి. పొద్దుగాల లేచి గోడ మీద క్యాలెండర్ చూసినంక మల్ల అద్దం తీసిన.

8.15 ట్రిప్పు. అనసూయమ్మ టీచర్ ముందు సీట్ల కూసుంది. ఆమెది తెనాలి దిక్కు. ఎల్లారెడ్డి బడిల పని, రోజూ మా బస్సే. నేను డ్రైవర్ అద్దంల నా ముఖం చూసుకునుడు కనిపెట్టింది.

"ఏం బాబూ, ఆ అద్దంలో ఏముందని అంతసేపు చూస్తున్నావు?"

చెప్పేదాక ఊకోలే. చెప్పిన. చూపులు, మూడు రోజులు, అన్ని.

"దానికంత హైరానా ఎందుకయ్యా? ఇంట్లో నిమ్మ తొక్కలుంటే చాలు. ముఖమంతా రుద్ది పావుగంట ఉంచు. మురికి దానంతటదే వదిలిపోతుంది. మా చెల్లెలి పెళ్లికి మేం అదే చేశాం."

సత్తార్ భాయ్ అప్పుడే గేరు మార్చిండు, బండి గుర్రుమన్నది. అయినా విన్న. నిమ్మతొక్కు.

ఇన్ని రోజులు నాకెందుకు తట్టలేదో. మా ఇంట్ల జాడి నిండ ఉంది, అవ్వ పెట్టిందే. ఆలోచిస్తే మాట సబబుగనే ఉంది. తొక్కుల ఉప్పుంటది, పులుపుంటది. ఆ రెండు పెట్టి రుద్దితే ఇత్తడి చెంబే బంగారం లెక్క మెరుస్తది. ముఖమెంత.

2, శుక్రవారం

5.00. జాడి దించిన. ఊకనే పెట్టుకోలే. కారం పోయేటట్టు ముక్కలను రెండుసార్లు నీళ్లల కడిగిన. మెత్తగ పిసికి ముఖమంత పట్టించిన.

5.03. చురచురమంటుంది. పని చేస్తున్నట్టుంది.

5.05. మస్తు పని చేస్తుంది.

5.06. తొట్టిల తల ముంచిన.

అవ్వ దీపం పట్టుకొని వచ్చింది. "ఏమైందిరా?"

"తొక్కు."

"తొక్కు తింటే ముఖం గిట్లయితదారా?"

"తినలే. పెట్టుకున్న."

అవ్వ జాడి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. మూత పెట్టి జాడిని తీసుకపోయి తన మంచం కింద పెట్టుకున్నది. వదిన మాత్రం ఊకుంటదా. "నెయ్యి తేవాల్నా మరిదీ? వేడన్నం గూడ ఉంది."

8.15. అనసూయమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"ఇదేమిటయ్యా?"

"మీరు చెప్పిందే మేడం. నిమ్మతొక్కు."

"తొక్కు కాదయ్యా, తొక్క. నిమ్మకాయ పైన ఉంటుంది చూడు, అది."

"దాన్ని మేం తోలంటం మేడం. తొక్కంటే మాకు అన్నంల కలుపుకునేది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిటికీ దిక్కు తిరిగింది. ఎల్లారెడ్డిల దిగేదాక భుజాలు ఊగుతనే ఉన్నయి.

3, శనివారం

తోలు ఊడుతుంది. కోరుకున్నది అదే గాని, చారలు చారలుగ ఊడుతుంది. ఒక చార ఎరుపు, ఒక చార నలుపు. కండ్ల కింద ఉబ్బు. సెలవు పెట్టి, వెన్న రాసుకొని పండుకున్న.

"చూపులు వచ్చే వారం పెట్టుకుందామవ్వా" అన్న.

"నేను మాటిచ్చిన. నీ ముఖం సంగతి నన్ను అడగకు."

4, ఆదివారం. లింగంపేట పోయి వచ్చినంక రాస్తున్న.

అవ్వ, వదిన, నేను. చాప మీద కూసున్న. తల దించుకున్న. మాట్లాడితే పెదవులు గుంజుతున్నయి, అందుకని మాట్లాడలే.

పిల్ల నాయినమ్మ దుర్గవ్వ దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అంగట్ల కోడిని చూసినట్టు.

"ఈడు కాదు" అన్నది.

అవ్వకు కోపమొచ్చింది. "కాదంటే ఏందమ్మా? నా కడుపున పుట్టినోడే."

"నీ కొడుకే కావచ్చు. మా పొల్ల చెప్పినోడు ఈడు కాదు. కుట్టు మిషిన్ నేర్చుకుంటందుకు ఆర్నెల్ల సంది కామారెడ్డి పోతది గదా. గా బస్సుల నల్లటి కండక్టర్ ఉంటడు, గాయన అయితే నాకు సరే అన్నది. గందుకే మీకు కబురు పంపినం. మీరేమో ఎవలో ఎర్రమూతి పిలగాన్ని పట్టుకొచ్చిండ్రు."

నాకు చెమట పట్టింది, మంట ఎక్కువైంది. మాచారెడ్డి వాళ్లు వద్దన్న ముఖాన్నే వీళ్లు అడిగి రమ్మన్నరు. దాన్ని మొన్ననే గీకి పారేసిన. టికెట్ కొట్టేటప్పుడు నేను చేతులే చూస్త, ముఖాలు చూడ. ఈ పిల్ల ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెల్వనే తెల్వది.

వదిన జరిగిందంత చెప్పింది. తొక్కు గూడ దాచలే. దుర్గవ్వ నమ్మలే. "ముఖానికి తొక్కు పెట్టుకున్నోన్ని నేను పుట్టినసంది చూడలే. ఏదన్న అంటురోగమైతే చెప్పున్రి, పాపం, తిట్టం."

అవ్వ లేచి చెప్పులు వెతుక్కుంటుంది. అప్పుడు తలుపు ఎనక నుంచి గంగామణి మాట వినబడ్డది.

"నాయినమ్మా, ముఖమెందుకు? బస్సుల ఒర్రినట్టు ఒక్కసారి ఒర్రమను. గొంతు నేను గుర్తుపడ్త."

అందరు నా దిక్కు చూసిండ్రు. పెదవి పగిలితే పగిలిందని లేచి నిలబడ్డ.

"తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డే. లోపలికి జరగాలె, లోపలికి జరగాలె. మెట్ల మీద నిలబడొద్దు."

పక్కింటామె సంచి పట్టుకొని ఉరికొచ్చింది. "బస్సు ఇంట్లకే వస్తుందా ఇప్పుడు?"

తలుపు ఎనక నవ్వు. "గాయనే" అన్నది గంగామణి. నవ్వు ఆగినంక మల్ల అన్నది. "అయినా ఇప్పుడే ఏం చెప్ప. పద్దెనిమిదో తారీఖు ఆదివారం మల్ల రమ్మనున్రి. అప్పటికి పాత ముఖం వస్తే సరే అంట. అందాక ముఖానికి నీళ్లు తప్ప ఏం పెట్టొద్దు."

అవ్వ దారి పొడుగూత మోకాళ్లు పిసుక్కున్నది. బస్సు దిగేటప్పుడు మాత్రం, "ఇంకొక్కసారి నడుస్త" అన్నది.

5, సోమవారం

4.50. కొత్త లెక్క. పద్నాలుగు రోజులు. ముఖానికి ఉత్త నీళ్లు. పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి. రాసి కింద సంతకం పెట్టిన.

ఎల్లారెడ్డి నుంచి తిరిగి వస్తుంటే లింగంపేటల గంగామణి ఎక్కింది. చెయ్యి చాపింది. ఈసారి ముఖం చూసిన. టికెట్ తీసుకుంట మెల్లగ, "దుమ్ము మంచిగ పడుతుందా?" అన్నది. పడుతుందన్న. కామారెడ్డి దాక తలుపు దగ్గరనే గాలికి ఎదురుగ నిలబడ్డ.

సాయంత్రం 6.30. అద్దం చూసిన. ముఖం ఎర్రగ ఉంది, కింద మెడ కుంపటి అడుగు లెక్క నల్లగనే ఉంది. ఇద్దరు మనుషులను తెచ్చి అతుకుపెట్టినట్టుంది. పద్దెనిమిదిన దుర్గవ్వ గడ్డం లేపి చూస్తే కనబడేది మెడనే.

ఆమె వద్దన్నది ముఖానికి. మెడ మాట ఎత్తలే.

వదిన అంగడి నుంచి శనగపిండి తెచ్చింది. రేపు 5.00కు. రెండు చెంచాలే. మెడకు మాత్రమే.