అరిగిన మైకు పిన్నులు

జియా సరాయ్, ఢిల్లీ
17-2-2003

అమ్మకు,

ఫేబీ వందనాలు. దేవుని దయ వల్ల ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ నాన్నా కూడా అలాగే ఉన్నారని తలుస్తున్నాను.

ఈసారి అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా, బైబిల్లో అచ్చులాగా రాస్తున్నాను. నేను ఇంటర్ సెలవుల్లో నీకు నేర్పినవే ఇవి. ఎప్పటిలాగా రాజేశ్వరమ్మ టీచరుగారి దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకోకమ్మా. ఎంతసేపు పట్టినా సరే, నువ్వే కూడబలుక్కుని చదువుకో. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

పోయినసారి టీచరుగారితో రాయించిన ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. స్వెట్టర్ కొనుక్కున్నాను, సరోజినీ నగర్ బజార్లో, ఊదా రంగుది. చేతులు కాస్త పొడుగు, మడిచి వేసుకుంటున్నాను. అన్నం సంగతి అడిగావు. మెస్సులో రోజూ రొట్టెలే. ఆదివారం ఆరాధన అయ్యాక కమలాకుమారి ఆంటీ వాళ్ళింట్లో మాత్రం అన్నం, పప్పుచారు. మన పక్కూరావిడ, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు అని చెప్పానే, ఆవిడే. మూడో ప్రశ్నకి జవాబు కాస్త ఆగి రాస్తాను.

నీ దగ్గు తగ్గిందా? పొగాకు ఆకు ఏరేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే నవ్వుతావు. కట్టుకో.

ఇక్కడ నా పేరు పలికేవాళ్ళు లేరమ్మా. ఇంటి ఓనరమ్మకి నేను 'ఊపర్‌వాలీ లడ్కీ'ని, పైగదిలో పిల్లని. మెస్సు భయ్యాకి దీదీని, అంటే అక్కని. వారంలో నాలుగైదు రోజులు ఒక్క తెలుగు మాట కూడా నా నోట్లోంచి రాదు. అందుకే మొన్న చర్చిలో ఒక పని అప్పజెబితే ఎగిరి గంతేశాను.

మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం మూడింటికి. పొద్దున హిందీవాళ్ళది, ఇంగ్లీషువాళ్ళది అయిపోయాక అదే చర్చిలో మాకు వంతు వస్తుంది. మైకు సెట్టు మాత్రం మాదే, పాతది. సంఘ కార్యదర్శి బాబూరావు అంకుల్ ఒకరోజు నన్ను ఆపి, "నువ్వు ఎలక్ట్రానిక్సు కదమ్మాయ్? ఈ గురగుర సంగతేంటో చూడు. అయ్యగారు నరకం అన్నప్పుడల్లా సరిగ్గా అప్పుడే కీచుమంటోంది, పిల్లలు దడుచుకుంటున్నారు" అన్నారు.

చూశాను. స్టాండు మీద మైకు మెడ కలిసేచోట మూడు చిన్న పిన్నులుంటాయి. ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిప్పి తిప్పి అవి మన వీధి పంపు పిడిలాగా నున్నగా అరిగిపోయాయి. కింద వైరు కలిసేచోటా అంతే. ఎర్రకోట ఎదురుగా ఉండే మార్కెట్‌కి వెళ్ళి కొత్త కనెక్టర్లు అడిగితే, కొట్టతను "గుడికా దీదీ?" అన్నాడు హిందీలో. "కాదు భయ్యా, చర్చికి" అన్నాను. "ఏదైతేనేం, దేవుడి పనే కదా, గట్టివి తీసుకెళ్ళు" అని ఏరి మరీ ఇచ్చాడు.

శనివారం పొద్దున్నే వెళ్ళి, పాతవి కోసేసి, మూడు వైర్లూ వరసగా టంకం పెట్టి అతికాను. ఎన్నో నెలల తర్వాత నా చేతులకి నేను చదువుకున్న పని దొరికింది. అయ్యాక మైకు ముందు నిలబడితే ఖాళీ చర్చిలో ఏం మాట్లాడాలో తోచలేదు. "ఫేబీ" అన్నాను. హాలంతా "ఫేబీ" అంది. నువ్వు దొడ్లోంచి పిలిచినట్టు ఇంకో నాలుగుసార్లు పిలుచుకున్నాను. నవ్వకు.

నిన్న ఆరాధనలో మైకు గంటలా మోగింది. అందరూ మెచ్చుకున్నారు. ముగిశాక అందరూ టీకి వరండాలోకి వెళ్తారు. ప్రార్థన చేయించుకోవాలనుకునేవాళ్ళు మాత్రం లోపల ఆగుతారు. నిన్న నేనొక్కదాన్నే ఆగాను. ఎడ్వర్డ్ అయ్యగారు ఎప్పటిలాగే మైకు మెడ ఎడమకి తిప్పేసి, స్టాండు పక్కనే నిలబడి, "చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ప్రార్థన చేశారు. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను.

వరండాలో నలభై మంది ఉన్నారు. అందరి చేతుల్లో టీ గ్లాసులు, అందరి చూపులూ నేలమీద. అంతలో నా తలపైన గోడకున్న స్పీకరు బాక్సులో ఎవరో దగ్గారు. అయ్యగారి దగ్గు. తర్వాత ఆయన కుర్చీ జరిపిన చప్పుడు.

అప్పుడు అర్థమైంది. ఆరాధన అయ్యాక లోపలి బాక్సులు ఆపేస్తారు, వరండా బాక్సు ఎవరూ ఆపరు. మెడ తిప్పితే మైకు ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అందరి నమ్మకం. నిజానికి అక్కడ స్విచ్చే లేదమ్మా. ఎడమకి తిప్పినప్పుడల్లా అరిగిన పిన్ను వదిలేసేది, అంతే. ఇన్నేళ్ళుగా ఈ సంఘంలో అందరి గుట్టూ దాచింది ఆ అరిగిన పిన్నే. దాన్ని నా చేతులతో కోసి పారేశాను.

బాబూరావు అంకుల్ నోరు జారి, "అమ్మాయ్, బాగుచెయ్యమన్నాను గానీ మరీ ఇంత బాగానా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయనే మొహం తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. అంతలో అయ్యగారు బయటికొచ్చారు. "అయ్యగారూ, పాతవే మళ్ళీ పెట్టేస్తాను" అన్నాను ఏడుస్తూ. ఆయన "వద్దమ్మా. స్విచ్చి పెట్టు, నేనే ఆపుకుంటాను" అన్నారు. రేపు వెళ్ళి బిగిస్తాను.

కమలాకుమారి ఆంటీ నన్ను పక్కకి తీసుకెళ్ళి చేతిలో టీ పెట్టింది. "ఇదిగో ఫేబీ, శనివారం నేను ఊరెళ్తున్నాను. మీ అమ్మ తప్పకుండా నా దగ్గరికొస్తుంది. నేను ఒకరిమీద చెప్పేదాన్ని కాదు, అలాగని అడిగితే అబద్ధమూ ఆడలేను. నేను రైలు దిగేలోపు నువ్వే చెప్పెయ్యి" అంది. మన ఊళ్ళో అంకయ్య కొట్టుకి ఫోన్ చేసి నిన్ను పిలిపిద్దామా అనుకున్నాను. కానీ అక్కడ నీ వెనక ఎప్పుడూ పదిమంది నిలబడి ఉంటారు. అది ఇంకో వరండా. అందుకే ఈ ఉత్తరం, స్పీడ్ పోస్టులో.

అమ్మా, నీ మూడో ప్రశ్నకి జవాబు ఇది. నేను రాసిన ఉద్యోగం పరీక్ష ఫలితం వచ్చేసింది. జనవరిలోనే వచ్చింది. అందులో నా నంబరు లేదు. ఇది రెండోసారి. నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు "ఇంకా రాలేదమ్మా" అన్నాను కదా, అప్పటికే వచ్చి పదిహేను రోజులు.

ఇంకొకటి. అప్పట్నుంచీ నేను కోచింగ్‌కి వెళ్ళడం లేదు. ఓనరమ్మ అడుగుతుందని రోజూ పొద్దున్నే పుస్తకాల సంచి తగిలించుకుని బయల్దేరతాను. ఇక్కడ ముద్రిక అని ఒక బస్సు ఉంది, ఊరి చుట్టూ తిరిగి ఎక్కినచోటే దింపుతుంది. అందులో కిటికీ పక్కన కూర్చుంటాను. ఒకసారి తిరిగాక దిగి, మళ్ళీ ఎక్కుతాను. నెల రోజులుగా నా చదువు ఇదే.

ఇవే అయ్యగారికి చెప్పాను. చివర్లో "మా అమ్మ నా ఉద్యోగం కోసం సంఘమంతటి ముందు కృతజ్ఞత కూడిక మొక్కుకుంది, ఆమెకి ఏ ముఖం చూపించను?" అన్నాను. వరండాలో అందరూ విన్నది ఇదేనమ్మా.

మన ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. సంతకం పెట్టమన్నా, రేషన్ కాగితం చదవమన్నా మీరిద్దరూ నావైపే చూసేవారు. ఆ చదువుతో నేను మొదట దాచింది నీ దగ్గరే. ఓడిపోయినందుకంటే దానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

కూడికకి ఏర్పాట్లేమైనా మొదలుపెట్టి ఉంటే ఆపెయ్యమ్మా. ఏం చెప్పాలో నీ ఇష్టం. నేను ఇంటికి రావాలో, ఇంకోసారి పరీక్ష రాయాలో నాకే తెలియడం లేదు. రమ్మంటే వస్తాను. ఉండమంటే రేపట్నుంచి బస్సెక్కను. ఏదైనా నీ చేత్తోనే రాయి, ఒక్క ముక్కయినా సరే. ముందు మాత్రం "ఫేబీ" అని రాయి.

ఈ ఉత్తరం పెదవులు కదుపుతూ చదువుకో, గొంతు పైకి రానివ్వకు. వచ్చే వారం కమలాకుమారి ఆంటీ మన వాకిట్లో కూర్చుని, ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటుంది. అప్పుడు నువ్వే ఆవిడకి మంచినీళ్ళిచ్చి, "నాకు తెలుసు కమలా, మా ఫేబీ రాసింది. నేనే చదువుకున్నాను" అను.

ఇట్లు,
నీ కూతురు
ఫేబీ