పట్టేసిన మోటారు

పదిహేడో తారీఖు, గురువారం, మధ్యాహ్నం

మరిదిగారికి, వదిన రాయునది.

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరంలో రాయలేదు గనక బాగున్నావనే అనుకుంటాను. నిన్ను గారు అనడం నాకే కొత్తగా ఉంది. ఏడేళ్ల తర్వాత మూడంటే మూడు వాక్యాలు రాసిన మనిషిని ఇంకేమని పిలవాలో తెలియలేదు.

పడవ మోటారు పాత ఇనుముకి వేసేద్దామని అత్తయ్యతో అన్నది ఒక సోమవారం. సరిగ్గా తొమ్మిదో రోజుకి నీ ఉత్తరం వచ్చింది: మోటారు అమ్మొద్దు వదినా, విప్పొద్దు, ఉన్నదున్నట్టు లారీలో నాకు పంపించెయ్యి అని. అమ్మొద్దన్నావు, సరే. విప్పొద్దని ఎందుకన్నావు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతుకుతున్నదాన్ని. విప్పొద్దన్న వస్తువుని విప్పకుండా ఉండటం నా వల్ల కాదని నీకు తెలియదా?

పెరటి షెడ్డులో నువ్వు కట్టిన తాళ్లు కట్టినట్టే ఉన్నాయి. అన్నన్ని ముడులు ఎందుకు వేశావో అప్పట్లో ఆలోచించలేదు. ఒక్కొక్కటీ కోసి టార్పాలిన్ లాగేశాను. స్టార్టు తాడు పట్టుకుని గుంజితే గోడని గుంజినట్టుంది. ఇంజను పట్టేసింది.

వీధి చివర పాత లాంచీ మెకానిక్కు ఉన్నాడు కదా, అందరూ గ్రీజు తాత అంటారు, ఆయన్ని పిలుచుకొచ్చాను. నీ బలం దీని దగ్గర చూపించకమ్మా, లాగితే విరుగుతుంది, నానబెట్టు అన్నాడు. ప్లగ్గులు విప్పి, ఆ రెండు కంతల్లోనూ కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, గుడ్డ కుక్కి వదిలేశాం. మర్నాడు చూస్తే పెద్ద స్పానర్ మాయం. ఇల్లంతా గాలిస్తే అత్తయ్య బట్టల పెట్టెలో, చీరల అడుగున దొరికింది. బయట ఉంటే తుప్పు పడుతుందని దాచానంది. మీ అన్నయ్య పోయిన దగ్గర్నుంచి షెడ్డు వైపు కన్నెత్తి చూడని మనిషికి స్పానర్ తుప్పు మీద అంత బెంగేమిటి? అడగలేదు. మనసులో పెట్టుకున్నాను.

నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం నూనె పోస్తూనే ఉన్నాను. ఐదో రోజు, తాత చెప్పినట్టు, పై చక్రం నట్టుకి స్పానర్ తగిలించి బిగించే వైపే మెల్లగా అదిమాను. టిక్కుమంది. చక్రం వెంట్రుకవాసి కదిలింది. ఇక స్పానర్ పక్కన పడేసి చేత్తోనే వెనక్కీ ముందుకీ, మళ్లీ నూనె, మళ్లీ వెనక్కీ ముందుకీ. రెండు రోజులకి పూర్తి చుట్టు తిరిగింది. కంతల్లోంచి తుప్పునీళ్లు డికాషన్‌లా కారాయి. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం నిన్ను కూడా మర్చిపోయి సంతోషపడ్డాను.

ఆ సంతోషం తాత ఎంతోసేపు ఉండనివ్వలేదు. ఇంజను పైమూత తీసి టార్చి వేసి చూశాడు. లోపల పైపైన తుప్పే తప్ప ఒక్క గీత లేదు. ఇది షెడ్డులో చెమ్మకి పట్టేసిందమ్మా, నీళ్ల మీద నడుస్తూ కాదు అన్నాడు. తర్వాత అడుగున, నీళ్లలో తిరిగే పంకా ఊడదీశాడు. పంకాకి వల చుట్టుకుంటే ముందు విరిగే పిన్నొకటి అక్కడుంటుందట. మోటారు కొన్న రోజు తాత స్వయంగా వేసిన ఇత్తడి పిన్నే, చెక్కుచెదరలేదు. పంకా వెనకాల వల తాలూకు ఒక్క నైలాను పోగు లేదు.

ఆ రోజు మీ మరిది ఏం చెప్పాడమ్మా అని అడిగాడు. నువ్వు అందరికీ చెప్పిందే చెప్పాను: వల చుట్టుకుని మోటారు ఆగిపోయింది, వల కొయ్యడానికి అన్నయ్య నీళ్లలోకి దిగాడు, సుడి లాక్కుపోయింది, నువ్వు తెడ్డు వేసుకుంటూ ఒక్కడివే ఒడ్డుకొచ్చావు. తాత చేతులు తుడుచుకున్నాడు. ఇది దానంతటది ఆగలేదు, ఎవరో ఆపారు అన్నాడు.

ఎవరాపారు? లక్షణంగా నడుస్తున్న మోటారుని నడినీళ్లలో ఎందుకాపారు? ఆ పొద్దున మీరిద్దరూ గొడవపడటం వంటింట్లోంచి విన్నాను. పడవ అమ్మేసి వేరే ఊరు పోదామని నువ్వు, ప్రాణం పోయినా అమ్మనని మీ అన్నయ్య. ఆ మాటన్న పూటే ఆయన ప్రాణం పోయింది. నెల తిరక్కుండా నువ్వు మూటాముల్లె సర్దుకున్నావు. పోయేటప్పుడు నా మొహం కూడా చూడలేదు. అది దుఃఖమనుకున్నాను, పిచ్చిదాన్ని.

తాత కొత్త పిన్ను వేసి అన్నీ తిరిగి బిగిస్తున్నాడు. పాత పిన్ను కాగితంలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. పది రోజుల్లో నీ దగ్గర్నుంచి నిజం రాకపోతే ఆ పిన్నునీ తాతనీ వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళతాను. బెదిరింపనుకుంటే అనుకో.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

తా.క.: శుక్రవారం సాయంత్రం. ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు.

చిన్నోడా, పొద్దున తొట్టి నిండా నీళ్లు పోసి, మోటారు అందులోకి దించి తాడు లాగాం. పదకొండో లాగుడికి అందుకుంది. షెడ్డంతా పొగ, చప్పుడు. అత్తయ్య వంటింట్లోంచి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి, ఆపెయ్యవే, ఆపెయ్యి, చిన్నోడు కింద ఉన్నాడు అని అరిచింది.

ఆపాను. ఆవిడ మెట్టు మీద కూలబడి అంతా చెప్పింది. నీళ్లలోకి జారింది నువ్వట. పంకా నీ కాళ్ల దగ్గర తిరుగుతుంటే మీ అన్నయ్యే మోటారు ఆపి దూకాడట. నిన్ను పడవలోకి తోశాడు, తను ఎక్కలేకపోయాడు. నాకు చెప్పేస్తానని నువ్వు ఏడిస్తే, నీ వదిన నిన్ను జన్మలో క్షమించదురా, మిగిలిన ఒక్కణ్ణీ పోగొట్టుకోలేను అని నీ చేత ఒట్టు వేయించుకుందట. వల కథ ఆవిడదే. విప్పితే ఆ కథ బయటపడుతుందని స్పానర్ దాచిందీ, పక్కింటావిడ చేత నీకు ఉత్తరం రాయించి, విప్పొద్దని నీ చేత అనిపించిందీ ఆవిడే.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నిన్ను ఎంత దూరం అనుమానించానో నీకు తెలియాలి. నువ్వు కాలు జారి పడ్డావు, అందులో నేను క్షమించడానికి ఏముంది? కానీ ఆయన ఒక వల ముక్క కోసం పోయాడని ఏడేళ్లు నన్ను నమ్మించారు. అది మాత్రం అంత తొందరగా క్షమించను, మీ ఇద్దరినీ.

మోటారు లారీలో పంపను. నువ్వే రా. నిన్ను పైకి తోస్తున్నప్పుడు ఆయన ఏమన్నా అన్నాడా? అది నీ నోటితోనే వినాలి. అత్తయ్య ఇంకా ఆ మెట్టు మీదే కూర్చుంది. వాడొస్తాడా అని రెండుసార్లు అడిగింది. వస్తాడనే చెప్పాను.