కాలువ మీది చెక్క తీసేశారు

హిల్కా తల్లీ, బఠాణీ సూపు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. ఖాళీ కడుపుతో తిరునాళ్ళకి పోకు. నేను మా చెల్లెలు ఆక్కె ఇంటికి వెళ్తున్నా, రేపొస్తా.

పొద్దున పక్క పొలం సీట్సె వాళ్ళు కాలువలో పెరిగిన తూడు తీయడానికి మన అడ్డదారి చెక్క ఎత్తి గట్టున పడేశారు. పెద్ద వంతెన మీదుగానే రా. బీరు తాగితే సైకిలు అక్కడే వదిలేసి నడిచి రా.

"సైకిలుకి దారి తెలుసులే అమ్మమ్మా" అంటావు. మీ తాతయ్యా అంతే, "నేను నిద్రపోయినా అది ఇంటికి చేరుస్తుందే" అని నవ్వేవాడు. దారి తెలుసమ్మా దానికి. చెక్క తీసేశారని తెలియదు. ఆయన చివరిసారి తిరునాళ్ళకి వెళ్ళినప్పుడూ ఇలాగే తూడు తీసే రోజులు. తెల్లారి చూస్తే సైకిలు సరిగ్గా చెక్క ఉండే చోటే నీళ్ళలో ఉంది. ఆయన మధ్యాహ్నానికి దొరికాడు.

నువ్వు వినవు. అందుకే నీ సైకిలు తాళంచెవి పట్టుకుపోతున్నా. తిట్టుకో.

రెండో తాళంచెవి నీ దగ్గరుందని నాకు తెలుసు. అది తీస్తే మాత్రం ఈ చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళు. తాతయ్యకీ ఆ రోజు ఒకటి రాసిచ్చా. జేబులో దొరికింది, సిరా కరిగి ఒక్క అక్షరం మిగల్లేదు. ఇది పెన్సిలుతో రాశా.