బ్రాయిలర్ పిల్లలకు వాము పొడి

మురాద్‌నగర్, ఘాజియాబాద్ జిల్లా

నోయిడా మసాలా కంపెనీలో ఫిర్యాదులు చూసేవారికి రాజగోపాల్ నమస్కారం.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటుంది, నొక్కితే మళ్ళీ ఒకటి నొక్కమంటుంది. వేలు అరిగి ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లీషు మందులు మాన్పిద్దామని వెల్లుల్లి, పసుపు, వాము కలిపిన మీ పొడి తెప్పించాను. వేసిన మూడో రోజు నుంచి పిల్లలు తిండి ముట్టడం లేదు. మూల చేరి కళ్ళు మూసుకోవడమే.

ఇట్లు,
రాజగోపాల్

తా.క. వాసన మాత్రం అద్భుతం. మా ఆవిడ కాంతమ్మ రెండు చెంచాలు ఇడ్లీలోకి తీసింది.

నోయిడా

రాజగోపాల్ గారికి,

ఈ ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే తెలుగు తిట్లన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కానీ మీ ఉత్తరం చదివి భయమేసింది. మా పొడి పెద్దవాళ్ళ అన్నంలోకండీ! ముందు డాక్టరుకు చూపించండి. పిల్లల వయసెంత? తల్లి ఏమంటున్నారు?

మీ
ఇంద్రాణి

తా.క. నెయ్యి వేసి కిచిడీ పెట్టి చూడండి.

మురాద్‌నగర్

ఇంద్రాణి గారికి,

డాక్టరు వచ్చి చూశాడు. నీరసంగా ఉన్న పిల్లలను విడదీసి పక్కన వేయమన్నాడు. వయసు ఇరవై రెండు రోజులు, అంతా ఒకే ఈడు. ఇంకో పద్దెనిమిది రోజుల్లో లారీ వస్తుంది. రెండు కిలోలు తూగకపోతే లారీవాడు మొహం తిప్పేస్తాడు. పదేళ్ళుగా ఇదే పని తల్లీ, పెంచడం, పంపేయడం. ఓపిక అయిపోయింది.

రాజగోపాల్

తా.క. తల్లెవరో నాకెలా తెలుస్తుంది? పెట్టెల్లో తెచ్చి దింపిపోయారు.

నోయిడా

రాజగోపాల్ గారూ,

నమస్కారం పెట్టే స్థితిలో లేను. మీ ఉత్తరం మా మేనేజరుకు హిందీలో వినిపించాను. ఆయన వెంటనే ఫోన్ అందుకున్నారు. పిల్లల రక్షణ చూసేవాళ్ళకు మీ అడ్రసు ఇచ్చాం. దయచేసి ఎవరినీ లారీ ఎక్కించకండి.

ఇంద్రాణి

తా.క. కిచిడీ అయినా పెట్టారా?

మురాద్‌నగర్

అమ్మా ఇంద్రాణీ,

నిన్న జీపులోంచి ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పోలీసాయన దిగారు. "బచ్చే కహాఁ హైఁ?" అన్నారు, పిల్లలెక్కడని. షెడ్డు తలుపు తీశాను. పద్దెనిమిది వందల కోడిపిల్లలు వాళ్ళ వంక చూశాయి.

పెద్దావిడ చెప్పుకంటిన పెంట కడుక్కుందామని కోళ్ళ నీళ్ళ పైపు తిప్పింది. చుక్కలు చుక్కలుగా కారింది. విప్పి చూస్తే లోపలంతా మీ పొడి, ముద్ద కట్టి! మేతలో కలపమంటే, నీళ్ళలో కూడా కలిపితే ఇంకా మంచిదని నేనే కలిపాను. దాహంతో ఉన్న కోడి మేత ముట్టదు. పదేళ్ళుగా తెలిసిన సంగతే, బుర్రకు తట్టలేదు. పైపులు కడిగాక సాయంత్రానికి మేత మీద పడ్డాయి. పొడి తప్పేమీ లేదు.

మీ కంపెనీ కోళ్ళ పొడి కూడా అమ్ముతుందని మీకెవరూ చెప్పలేదా తల్లీ? సంచీ మీద ఇంత కోడి బొమ్మ ఉంది. కాంతమ్మ కూడా ఇప్పుడే చూసింది.

అలసిన
రాజగోపాల్

తా.క. జీపెక్కబోతూ పెద్దావిడ వెనక్కొచ్చి మెల్లగా అంది: "భాయ్‌సాబ్, మందుల్లేకుండా పెంచుతున్నారు కదా, బరువెక్కాక మా ఇంటికి దో బచ్చే పక్కన పెట్టండి."